పసుపు దారం కట్టిన ఆనపపిందె

ఆ సంగతి మొదట నా చెవిన వేసింది మాకు పాలు పోసే ఆవిడ. ఆశ్వయుజమాసంలో ఒక ముసురు పొద్దున. రోజూలాగే పెరటి తలుపు తీసుకుని వచ్చి, గిన్నెలో పాలు పోసి, వెళ్లబోతూ ఆనపపందిరి కింద ఆగింది. తలెత్తి అటూ ఇటూ చూసింది.

"అమ్మగారూ, మీ పాదుకి మా కాయలు కాస్తున్నాయేంటండీ?" అంది.

వేళాకోళమనుకుని నేనూ నవ్వాను. గిన్నె మీద మూత పెట్టి, చెయ్యి తుడుచుకుంటూ వెళ్లి చూశాను. ఆనపపాదుకి ఆడపువ్వు విచ్చకముందే దాని కింద చిన్న పిందె ఉంటుంది, నూగుతో మెత్తగా. పెద్దయ్యాక కాయ ఏ ఆకారంలో ఉండబోతోందో ఆ పిందెలోనే తెలిసిపోతుంది. మా ఇంటి పాదు పిందె ఎప్పుడూ గోలీకాయలా గుండ్రంగా ఉండేది. ఆ రోజు పందిరికి వేలాడుతున్నవన్నీ కోలగా, బొటనవేలి వాటంలో ఉన్నాయి. దడి అవతల పాలావిడ పాదుకు కాసే పొడుగుకాయల పిందెలంత సన్నమూ కాదు, మావాటిలా గుండ్రమూ కాదు. ఒక్కటంటే ఒక్కటి గుండ్రనిది లేదు. పందిరి చుట్టూ రెండుసార్లు తిరిగి వెతికాను.

ఆనపకాయ ఆకారం మారితే ఇంత కంగారు దేనికని ఎవరికైనా అనిపిస్తుంది. కూరకైతే ఏ ఆకారమైనా ఒకటే. కానీ ఆ ఏడు మా పాదు కాయ కోసం గుడివాడలో ఒక మనిషి ఎదురుచూస్తోంది.

ఆవిడ మా అత్తగారి చెల్లెలు. నేను చిన్నత్తగారు అని పిలుస్తాను. ఎనభై దాటాయి. ఆవిడ చేతిలో ఒంటితీగ తంబుర ఉండేది. దాని కింద బుర్ర, ఎండిన ఆనపకాయ. గుండ్రటి పొట్ట, పొట్టి మెడ. అక్కాచెల్లెళ్ల తల్లి తన పెరట్లో కాయించి, ఎండబెట్టి, కూతురికి తంబుర కట్టించిందట. అదే విత్తనం మా అత్తగారితో పాటు దివిసీమకు కాపురానికి వచ్చింది. గుడివాడలో భజన మందిరంలో శనివారం శనివారం చిన్నత్తగారు పాడేవారు. అంతకుముందు వేసవిలో గోడకు కొట్టిన మేకు ఊడి తంబుర కింద పడింది. బుర్ర నిలువునా చీలింది. జిగురు పెట్టారు, గుడ్డ చుట్టారు, లాభం లేకపోయింది.

భజన వాళ్లు మంచివాళ్లే, శ్రుతి కోసం కరెంటుతో మోగే పెట్టె ఒకటి తెచ్చి ఆవిడ ముందు పెట్టారు. ఆవిడ దాన్ని కాసేపు విన్నారట. "ఇదే పాడుతోంది కదమ్మా, ఇంక నేనెందుకు" అని ఊరుకున్నారట. అప్పటి నుంచీ గొంతు విప్పలేదు. చెక్క తంబుర కొనిస్తామన్నా వద్దన్నారు. నేను చూడటానికి వెళ్తే నా చెయ్యి పట్టుకుని, "ఈ కార్తీకానికి కాయ నిలిపి, ఎండబెట్టి తీసుకురా. మా అక్క పాదు కాయ. అది తెస్తే పాడతాను" అన్నారు. నేను మాటిచ్చాను. అత్తగారు పోయి అప్పటికి ఆరేళ్లు. ఆ విత్తనం నా చేతుల్లో ఉంది, ఏటేటా గుండ్రంగానే కాస్తోంది, మాటివ్వడానికి నాకేం భయం?

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పాలి. నేను బడికి వెళ్లి చదువుకున్నదాన్ని కాదు. పుట్టింది బందరులో. చిన్నప్పుడు ఉబ్బసం, నాలుగడుగులు వేస్తే ఆయాసం. మా నాన్నగారు కచేరీలో గుమాస్తా. సాయంత్రం ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుని, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అక్షరాలు దిద్దించారు, లెక్కలు చెప్పారు, శ్లోకాలు నేర్పారు. ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆయన చలవే. ఆ చదువుతో పాటు ఇంటి నియమాలు కూడా నేర్పారు. వాటిలో ఒకటి, దీపాలు పెట్టాక మొక్క మీద చెయ్యి వెయ్యకూడదని. "అవి నిద్రపోతాయమ్మా. నిన్ను నిద్రలో ఎవరైనా లేపితే నీకెలా ఉంటుంది?" అనేవారు. ఆ మాట నా మనసులో ఎంత నాటుకుందంటే, మసక పడ్డాక తులసికోట దగ్గరకు వెళ్లినా చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడేదాన్ని.

కాపురానికి వచ్చాక నాకు కొరుకుడు పడని సంగతి మా అత్తగారి సాయంత్రాలు. పాదు పూతకు వచ్చిన రోజుల్లో మధ్యాహ్నం కాఫీ తాగాక ఆవిడ పసుపు ముంచిన నూలుదారం ఉండ తీసుకుని పందిరి కిందికి వెళ్లేవారు. ఒకటి రెండు మొగ్గలకు దారం చుట్టేవారు. మళ్లీ సంధ్యాదీపం పెట్టిన వెంటనే, ఆ దీపపు వెలుగు ఇంకా కళ్లలో ఉండగానే, పందిరి దగ్గరకు వెళ్లి ఆ దారాలు విప్పి, పువ్వుకు పువ్వు తాకించి, మళ్లీ కట్టేవారు. పెదాల మీద గోవిందనామం ఆడుతూ ఉండేది. నేనది వ్రతం అనుకున్నాను. పిందె నిలవాలని తోరం కట్టి దణ్ణం పెట్టుకుంటున్నారని.

ఒకసారి అడిగాను కూడా. "చెయ్యాలమ్మా. మా అమ్మ చేసేది" అన్నారు. ఆవిడ మాటల పొదుపు ఎంతంటే, వంటింట్లో ఉప్పు ఎక్కువైతే కూడా నావైపు చూసి ఊరుకునేవారు. ఇంకొకసారి ధైర్యం చేసి, "దీపాలు పెట్టాక మొక్కను ముట్టుకోకూడదు కదండీ" అన్నాను. ఆవిడ నవ్వి, "మీ నాన్నగారికి ఆనపపాదు ఉందా?" అన్నారు. మాకు బందరులో పెరడే లేదు. పెద్దావిడకు శాస్త్రం తెలియదులే అని లోపల అనుకున్నాను. అలా అనుకున్నందుకు ఇప్పటికీ లెంపలు వేసుకుంటాను.

ఆవిడ పోయేముందు విత్తనాల బుర్ర నాకు అప్పగించారు. అదీ ఎండిన ఆనపకాయే. మూతికి గుడ్డ బిరడా, ఉట్టికి వేలాడుతూ ఉండేది. ఆ తర్వాతి ఏటి నుంచీ పాదు నాదయింది. ఆవిడ ఆచారం నేను మానలేదు. కాకపోతే నాన్నగారి నియమం కూడా తప్పకుండా ఉండేలా, దారం కట్టడం పొద్దున్నకు మార్చాను. స్నానం చేసి, తడి చీరతో, శ్లోకం చదువుకుంటూ, విచ్చి వాడిన పువ్వు చూసి దాని పిందె తొడిమకు పసుపు దారం కట్టేదాన్ని. ఆ పిందెనే విత్తనానికి వదిలేదాన్ని. ఇద్దరి మాటా నిలబెట్టానని లోపల సంతోషంగా ఉండేది. కొత్త గింజలు రాగానే బుర్రలో పాతవి తీసి పారబోసి వీటిని పోసేదాన్ని. నిలవ సరుకు ఎందుకని.

నాలుగేళ్లు అలాగే గడిచాయి. దడి అవతల స్థలం ఖాళీగా ఉండేది. తర్వాత పాలావిడ అక్కడ పాక వేసుకుని రెండు గేదెలతో దిగింది. నాకంటే చిన్నది, నలభై ఐదు ఉంటాయేమో. నోరు పెద్దది, మనసు ఇంకా పెద్దది. అవనిగడ్డలో ప్యాకెట్టు విత్తనం కొని దడి వెంట ఆనపపాదు పెట్టింది. మూరెడు పొడుగు కాయలు, లేతగా, బారులు తీరి కాసేవి. వారానికొకటి మాకూ ఇచ్చేది. ఆ మొదటి ఏడు మా పందిరికి ఎప్పటిలా గుండ్రటివే కాశాయి. పొద్దున్నే దారం కట్టి ఒక కాయ విత్తనానికి ఉంచాను. దాన్ని రెండు చేతులతో పట్టుకుని చూస్తే పూర్ణకుంభంలా ఉంది. ఆ గింజలే మరుసటి తొలకరికి పెట్టాను. వాటికే ఈ కోలకాయలు.

ముసురు పొద్దున నేను వెతుక్కుంటూ తిరుగుతుంటే ఆవిడ ఇంకా పక్కనే నిలబడి ఉంది.

"పోన్లెండమ్మగారూ, మా పాదుతో వియ్యం అందినట్టుంది" అంది.

నాకు చిన్నత్తగారి మొహం కళ్ల ముందు కదిలింది. ఏం మాట్లాడుతున్నానో తెలియలేదు. "మీ తీగ రాకముందు మా కాయ లక్షణంగా ఉండేది. పాకించుకోవడానికి ఇంకెక్కడా చోటు దొరకలేదా? మా దడే కావలసొచ్చిందా? మూడు తరాల విత్తనం పాడుచేశావు" అన్నాను. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది, అది కోపమని ఆవిడ సరిపెట్టుకునేది.

ఆవిడ మొహంలో నవ్వు ఒక్కసారిగా పోలేదు, మెల్లగా దిగింది. "నాకు తెలవదండి" అంది. పాలక్యాను తీసుకుని వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున దడి బోసిగా ఉంది. తీగ లేదు. దడి మీదుగా తొంగి చూస్తే పాక ముందు కుప్ప, ఆకులూ పువ్వులూ పిందెలూ అన్నీ. గేదె తల ఊపుతూ నములుతోంది. ఆవిడ పాలు పోసి, "పీకేశానండి. ఇంక మీ కాయ మీకు బాగుంటుంది" అని, నేను నోరు తెరిచేలోగా వెళ్లిపోయింది. నిండు కాపు మీదున్న పాదు. ఇంటికీ, అమ్మకానికీ అదే. నాకు లోపల ఏదో గుచ్చుకుంది గానీ, నిజం చెప్పాలి, అప్పుడు ఇంకా నాదే న్యాయమనుకున్నాను.

కార్తీకంలో నా ఆడపడుచు కూతురు వచ్చింది. కూరగాయల మీద పరిశోధన చేసే చోట ఉద్యోగం తనది. వాళ్లు టమాటా పొడుగెందుకవుతుంది, వంకాయ గుండ్రమెందుకవుతుంది అని చూస్తారు. ఆ పని నాకు మొదట్లో నవ్వులాటగా ఉండేది. "దేవుడు చేసినట్టవుతుంది" అనేదాన్ని. "అవును, ఎలా చేశాడో చూసి రమ్మని మమ్మల్ని పంపించాడు" అనేది.

తనకు పందిరి చూపించి, విత్తనం పోయిందని, పక్కావిడ తీగ చెడగొట్టిందని, మొదటి నుంచీ చెప్పాను. తను పిందె ఒకటి రెండు వేళ్ల మధ్య పట్టుకుని చూస్తూ విన్నది.

"అత్తయ్యా, ఈ ఏడు ఆవిడ తీగ ఏమీ చెయ్యలేదు" అంది.

"మరి?"

"కాయ తల్లి ఒళ్లు. తల్లి పాదు గుండ్రటి రకమైతే, ఎవరి పుప్పొడి పడ్డా కాయ గుండ్రంగానే ఉంటుంది. లోపలి గింజ మాత్రం పిల్ల. దానికి అమ్మ పోలికా వస్తుంది, నాన్న పోలికా వస్తుంది. పోయినేడు నువ్వు విత్తనానికి ఉంచిన కాయ చూడ్డానికి మన కాయే. గింజల్లో ఆవిడ పాదు పుప్పొడి ఉంది. అది ఈ ఏడు మొక్కై, పిందె తొడిగాక గానీ నీకు కనపడలేదు. మన చేతిలో ఉన్న కాయ మొహం చూసి విత్తనం మంచిదనుకోకూడదు. పువ్వు పూసిన సాయంత్రం ఏం జరిగిందో చూడాలి."

"దారం కట్టానే. మీ అమ్మమ్మ కట్టినట్టే."

"ఎప్పుడు కట్టావు?"

"పొద్దున్నే. స్నానం చేసి."

తను నావైపు చూసింది. నవ్వుతుందేమోనని భయపడ్డాను, నవ్వలేదు. నా పక్కన బావి గట్టు మీద కూర్చుంది. "అత్తయ్యా, ఆనపపువ్వు విచ్చేది సాయంత్రం. అందుకే అంత తెల్లగా ఉంటుంది, మసకలో పురుగుకు కనపడాలని. రాత్రంతా దీపపు పురుగులు ఆ పువ్వు నుంచి ఈ పువ్వుకు తిరుగుతాయి. తెల్లారేసరికి అంతా అయిపోతుంది. అమ్మమ్మ మధ్యాహ్నం మొగ్గ విచ్చకుండా దారం కట్టేది. సాయంత్రం విప్పి, మన పాదు మగపువ్వు తనే తాకించి, మళ్లీ మూసేసేది. పరాయి పుప్పొడి రాకుండా. మేం పరిశోధనలో చేసేది కూడా ఇదే. మేం సంచులు కడతాం, అమ్మమ్మ దారం కట్టింది."

నాన్నగారు మొక్కలు దీపాల వేళకు నిద్రపోతాయన్నారు. ఈ ఒక్క పువ్వు ఆ వేళకే మేలుకుంటుంది. పెరడు లేని ఇంట్లో ఉన్న ఆయనకు అది ఎలా తెలుస్తుంది? తెలిసిన మనిషి నా కళ్ల ముందే ముప్పై ఏళ్లు చేసి చూపించింది. నేను ఆవిడకు శాస్త్రం తెలియదనుకున్నాను. నేను కట్టిన దారాలు పెళ్లి అయిపోయాక వేసిన తలుపులు. పక్కన వేరే పాదు లేదు గనక నాలుగేళ్లు నడిచింది, అంతే.

ఆ తర్వాత గుర్తొచ్చింది, కుప్పగా పడి ఉన్న తీగ. గేదె నమిలిన పిందెలు.

"అయితే ఆవిడ చేత ఉత్తినే పీకించాను" అన్నాను.

"ఉత్తినే" అంది మేనకోడలు.

సాయంత్రం కాకముందే దడి దాటి వెళ్లాను. ఆవిడ పాకలో పేడ ఎత్తుతోంది. జరిగింది చెప్పాను, తప్పు నాదని చెప్పాను. ఏ వేళకు దారం కట్టాలో తెలియక నేను పాడుచేసుకుని నిన్ను అన్నానని చెప్పాను. ఆవిడ చేతులు కడుక్కుని వచ్చి ఎదురుగా నిలబడింది.

"దీనికేనేంటండీ ఇంత దూరం వచ్చారు?" అంది. ఇంత దూరమంటే పది అడుగులు. "మా గేదెకి ఆ రోజు పండగ. చిక్కటి పాలు పోశాను మీకు, చూసుకోలేదు మీరు."

చూసుకోలేదు. ఆ మాట నాకు తగిలింది, తగలాలనే అందో లేదో తెలియదు.

చిన్నత్తగారి సంగతి ఆవిడకు అప్పుడే చెప్పాను. తంబుర, కరెంటు పెట్టె, నేనిచ్చిన మాట. ఆవిడ అంతా విన్నది. చివర, "పాడే మనిషే పాడకుండా కూర్చుందా" అంది.

ఆ సాయంత్రం మేనకోడలు నాకు పని నేర్పింది. విత్తనం పోలేదంది. "ఈ కోలకాయ పాదులో గుండ్రం చేసే జన్యువులూ ఉన్నాయి, పొడుగు చేసేవీ ఉన్నాయి. రెండూ ఒకే ఇంట్లో ఉన్నాయి గనక మధ్యస్తంగా వచ్చింది. దీన్ని దీనితోనే కలిపి గింజ తీస్తే, ఆ పిల్లల్లో విడిపోతాయి. కొన్ని పొడుగు, ఎక్కువ భాగం ఇలా కోల, ఎక్కడో ఒకటి గుండ్రం. మనవల్లో తాత పోలిక తేలినట్టు."

"ఎన్నింటికి ఒకటి?"

"చెప్పలేను. ఆకారం ఒక్క జన్యువు చేతిలో ఉండదు. పిందె మొగ్గలో ఉన్నప్పుడే నిలువుగా ఎన్ని కణాలు పెరగాలో, అడ్డంగా ఎన్ని పెరగాలో నాలుగైదు కలిసి తేలుస్తాయి. టమాటాలో పనిచేసే రకం జన్యువులే దోసలోనూ పుచ్చలోనూ ఉన్నాయి, ఒక కుటుంబం వాళ్లలా. ఎన్ని పాదులు పెట్టగలిగితే అంత ఆశ, అత్తయ్యా."

మధ్యాహ్నమే తను కట్టి ఉంచిన మొగ్గ దారం విప్పే వేళకు సంధ్యాదీపం పెట్టి వచ్చాను. అరవై దాటిన మనిషిని, మసకలో మొక్క మీద చెయ్యి వెయ్యడం పుట్టి ఎరగను. నాన్నగారిని తలుచుకుని, తప్పయితే మన్నించమన్నాను. మగపువ్వు రేకులు ఒలిచి, ఆడపువ్వు నడుమ మెల్లగా అద్దాను. పువ్వు చల్లగా, తడిగా, మేలుకుని ఉంది. గోవిందనామం దానంతటదే నోట్లోకి వచ్చింది. అత్తగారిది వ్రతమా పనా అని ఆ క్షణం తర్వాత నేనెప్పుడూ ఆలోచించలేదు. చేతులు పని చేస్తుంటే నోరు ఊరికే ఉండదు, అంతే అయి ఉంటుంది.

గుడివాడ వెళ్లి చిన్నత్తగారికి ఉన్నదున్నట్టు చెప్పాను. ఈ కార్తీకానికి కాదు, వచ్చే కార్తీకానికి, అదీ దేవుడి దయ ఉంటే. ఆవిడ కిటికీలోంచి చూస్తూ, "నేను ఉండాలి కదే" అన్నారు. తిరుగు బస్సులో గుడివాడ నుంచి బందరు దాకా ఆ ఒక్క మాటే వినపడింది.

తొలకరి వచ్చింది. గింజలు చాలా ఉన్నాయి, చోటు లేదు. మా పెరట్లో మూడు పాదులకు మించి పట్టవు. మేనకోడలు ఫోనులో కనీసం పదైనా పెట్టమంటోంది. నేను దడి దగ్గర నిలబడి లెక్కలు వేసుకుంటుంటే పాలావిడ అటు నుంచి పలకరించింది.

"దడి వెంట నాలుగు పెట్టండి. పాక చుట్టూ మూడు. ఎరువు నా దగ్గర కావలసినంత."

"మరి మీ పాదు?"

"ఈ ఏడు నాకు ఆనపకాయ మీద మోజు లేదండి. బీరకాయ తింటాం."

రెండేళ్లు వరసగా ఆవిడకు తన పొడుగుకాయలు లేకుండా పోయాయి. ఒకసారి నా మాటకు పీకేసింది. రెండోసారి నేను అడగకుండానే మానుకుంది. పైగా పది పాదులకు నీళ్లు మోసింది. నాకు మోకాళ్లు సహకరించవు. మధ్యాహ్నం దారాలు కట్టే వేళకు తనే వచ్చి, "ఈ పూటకి పెళ్లికూతురెవరండీ?" అని అడిగేది.

పిందెలు కనపడటం మొదలయ్యాయి. మా పందిరి మీదవి కోల. దడి మీద మొదటిది పొడుగు, అచ్చం ఆవిడ ప్యాకెట్టు కాయ. రెండోది కోల. మూడోది మెడ సాగి కొంగలా ఉంది. నాలుగోది కోల. రోజూ వాటిని వరసగా చూసుకుంటూ పోయేదాన్ని. దణ్ణాలు పెట్టుకునేదాన్ని గానీ, ఏమని అడగాలో తెలిసేది కాదు. పువ్వులో ఎప్పుడో తేలిపోయినదాన్ని ఇప్పుడు మార్చమని అడగడమేమిటి? ఉన్నది చూసే ఓపిక ఇమ్మని అడిగేదాన్ని.

పాక పక్కన పెట్టిన పాదు ఆలస్యంగా పాకింది. పాక కప్పు మీదికి ఎక్కి, పొదల్లా పెరిగిన మిగతావాటి మధ్య బక్కగా ఉంది. దాని మీద ఎవరికీ ఆశ లేదు. ఒక పొద్దున పాలావిడ క్యాను లేకుండా వచ్చింది.

"రండి" అంది.

"పాలేవి?"

"పాలకేం తొందరండీ, రండి."

పాక కప్పు మీద, తాటాకు మడతలో, నూగుతో తెల్లగా, గోలీకాయంత గుండ్రటి పిందె ఉంది. దాని పక్కన ఇంకొకటి. నేను చూసింది నిజమేనా అని ఆవిడ మొహం చూశాను. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. ఇద్దరం గేదె పక్కన నిలబడి చాలాసేపు పైకే చూస్తూ ఉండిపోయాం.

ఆ పాదుకి ఒక్క కాయ నిలిపాం. మొగ్గ వేళకు దారం కట్టాం, దీపాల వేళకు విప్పి అద్దాం, మళ్లీ కట్టాం. కాయ దిగుతున్న కొద్దీ దాని కింద గడ్డి చుట్ట పేర్చింది ఆవిడ. తీగ ఎండి, కాయ గోధుమరంగు తిరిగి, గోరుతో కొడితే గట్టిగా మోగేదాకా ఆగాం. బందరులో మాకు తెలిసిన వడ్రంగి మెడ కొస కోసి, గింజలు జాగ్రత్తగా వేరే పొట్లం కట్టి ఇచ్చి, చిన్నత్తగారి పాత తంబుర దండెకు కొత్త బుర్ర అమర్చాడు.

గుడివాడకు పాలావిడను కూడా రమ్మన్నాను. "గేదెల్నెవరు చూస్తారండీ" అంటూనే కొత్త చీర కట్టుకుని తయారైంది. బస్సులో తంబుర తన ఒళ్లో పెట్టుకుంది, నాకు ఇవ్వలేదు.

చిన్నత్తగారు ఉన్నారు. శనివారం కావడంతో భజన మందిరంలోనే కలిశాం. చూపు బాగా తగ్గింది. తంబుర చేతికి ఇస్తే ముందు తీగ మీటలేదు. బుర్ర అంతా అరచేత్తో తడిమారు, పొట్ట, మెడ, కాయ అడుగున పువ్వు రాలిన మచ్చ. చెవి ఆనించారు.

"అక్క పాదే" అన్నారు.

"ఈవిడ పాక మీద కాసిందండీ" అన్నాను.

"గేదె నెత్తి మీద కాసిందండీ మీ పాట" అంది పాలావిడ.

చిన్నత్తగారు నవ్వారు. నవ్వి, తీగ బిగించి, మీటి, శ్రుతి కుదిరేదాకా తల వంచుకుని విన్నారు. తర్వాత పాడారు. గొంతు సన్నబడింది, ఊపిరి మధ్యమధ్య తెగింది. అయినా పాట ఎక్కడా తప్పలేదు. భజన వాళ్లు ఆ పెట్టె తీగ గోడ నుంచి ఎప్పుడు పీకేశారో నేను చూడలేదు.

ఇప్పుడు విత్తనాల బుర్రలో ఆ పాక మీది గింజలున్నాయి. ఇంకా రెండేళ్లు జాగ్రత్తగా చూసుకుంటే గుండ్రం స్థిరపడుతుందని మేనకోడలు చెప్పింది. ఈసారి పాతవి పారబోయడం లేదు. నాకు అక్షరం ఇచ్చిన నాన్నగారికీ, నోరు విప్పకుండా నేర్పిన అత్తగారికీ, విడమరిచి చెప్పిన పిల్లకూ, మొగ్గలోనే ఆకారం దిద్దే ఆ స్వామికీ రోజూ సంధ్యాదీపం దగ్గర దణ్ణం పెట్టుకుంటున్నాను.

పోయిన జ్యేష్ఠంలో పాలావిడ గేదెలు అమ్మేసి, పెదపారుపూడి దగ్గర కూతురింటికి వెళ్లిపోయింది. ఇంక బరువులు మొయ్యలేకపోతోంది. వెళ్లేముందు పది గింజలు కొంగున ముడి వేసుకుంది. సగం దారం ఉండ తెంపి తీసుకుంది. పాక పీకేశారు, దడి మళ్లీ బోసిగా ఉంది. తెల్లారి పాలు ఇప్పుడు ప్యాకెట్టులో వస్తున్నాయి. ఆ పొద్దున నేనన్న మాట ఆవిడ ఒక్కసారి కూడా నాకు గుర్తు చెయ్యలేదు. నేనే గుర్తు చేసుకుంటాను.

ఇది చదివినవారిని ఒకటి అడుగుతాను. మీ ఇంట్లో ఎప్పుడైనా ఆనపకాయ కోయడానికి కత్తిపీట ముందు కూర్చున్నప్పుడు, కాయ పొడుగైనా గుండ్రమైనా, ఒక్క క్షణం చెయ్యి ఆపండి. నిండు కాపు మీదున్న తన పాదును నా మాటకు పీకేసి, మర్నాడు చిక్కటి పాలు పోసిన ఆ మనిషిని తలుచుకోండి.